ప్యారీస్ కార్నర్‌లో రొమ్ము చూపిన ప్రకాశం

చెన్నై హైకోర్టు పనిమీద వెళ్ళినవారికి ప్యారీస్ కార్నర్ కొత్త కాదు. జనంతో కిటకిటలాడే ఆ కూడలికీ, మన జిల్లాకు పేరైన శ్రీ టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితానికీ విడదీయరాని సంబంధం ఉంది.

పూర్వం అక్కడి కోటకు ఉత్తరాన దేశీయుల ఊరు ఉండేది. ఫిరంగి గుళ్ళకు ఇళ్ళు అడ్డం రాకూడదని ఇంగ్లీషువారు 18వ శతాబ్దంలో దానిని పడగొట్టి మైదానం చేశారు. 1773లో హద్దు స్తంభాలు నిలిపారు. ఆ మైదానం అంచున థామస్ ప్యారీ అనే వర్తకుడు కచేరీ పెట్టడంతో ఆ మూలకు ఆయన పేరు వచ్చింది. 1892లో సమీపంలోనే హైకోర్టు భవనం వెలసింది.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను సాకారు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి ఆదరణతో ఆయన రాజమండ్రి చేరి, ప్లీడరై, పురపాలక సంఘ అధ్యక్షులయ్యారు. ఇంగ్లండులో బారిస్టరు చదివి, 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో విశేషంగా ధనం ఆర్జించారు. గాంధీజీ పిలుపుపై 1921లో ఆ వృత్తిని వదిలి, 'స్వరాజ్య' పత్రిక స్థాపించి, కూడబెట్టినదంతా దానికే ధారపోశారు.

సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో హర్తాళ్ జరిగింది. ప్యారీస్ కార్నర్ వద్ద పోలీసులు కాల్పులు జరుపగా ఒక మనిషి నేలకొరిగాడు. శవాన్ని చూడబోయిన ప్రకాశంగారిని తుపాకులతో అడ్డగించారు. అప్పటికి ఆయనకు 55 ఏళ్ళు. వెనుదిరగక చొక్కా గుండీలు విప్పి, చేతనైతే కాల్చమని రొమ్ము చూపారు. పోలీసులే వెనక్కు తగ్గి దారి ఇచ్చారు. నాటినుండి ఆయన ఆంధ్రకేసరి అయినారు.

1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా పనిచేసినా ఆయన తనకంటూ ఆస్తి మిగుల్చుకోలేదు. 1957 మే 20న కన్నుమూశారు. మద్రాసు కూడలిని జనం ఇప్పటికీ వర్తకుని పేరుతోనే పిలుస్తారు. అక్కడ గుండె చూపిన మనిషి పేరును 1972లో మన ఒంగోలు జిల్లాకు పెట్టుకున్నాము.