సముద్రజలాల్లో అణుధూళిని కొలిచిన కత్సుకో సరుహాషి

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. ప్రకటిత ప్రమాద ప్రాంతానికి వెలుపలే చేపలు పడుతున్న ఒక జపాన్ నౌకపై తెల్లని బూడిద కురిసింది. 23 మంది నావికులు రేడియోధార్మికత బారిన పడ్డారు. వారిలో ఒకరు ఆరు నెలలకు కన్నుమూశారు. మరి గాలిలో, నీటిలో కలిసిన ఆ ధూళి ఎక్కడికి చేరినట్లు? ఈ ప్రశ్నకు సమాధానం వెదికే బాధ్యత టోక్యోలోని ఒక ప్రయోగశాలకు దక్కింది. అక్కడ పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్తే కత్సుకో సరుహాషి.

ఆమె 1920 మార్చి 22న టోక్యోలో జన్మించారు. బడి కిటికీ అద్దంపై జారే చినుకులను చూస్తూ, వాన ఎందుకు కురుస్తుందని ఆలోచించిన బాలిక ఆమె. చదువు ముగిశాక బీమా సంస్థలో స్థిరమైన ఉద్యోగం లభించినా, ఆ ఆలోచన ఆమెను వీడలేదు. 21 ఏళ్ల వయసులో కొలువు విడిచి మహిళల విజ్ఞాన కళాశాలలో చేరారు. 1943లో పట్టభద్రురాలై, వాతావరణ శాఖలో భూరసాయన శాస్త్రవేత్త యాసువో మియాకే వద్ద పరిశోధన ఆరంభించారు.

సముద్రజలంలో బొగ్గుపులుసు వాయువు వివిధ రూపాల్లో ఎంతెంత ఉందో తెలుసుకోవడం అప్పట్లో సులభసాధ్యం కాదు. నీటి ఉష్ణోగ్రత, ఆమ్లత్వం, లవణాంశం తెలిస్తే ఆ పరిమాణాలను లెక్కకట్టగల పట్టికను ఆమె 1955లో ప్రచురించారు. కంప్యూటర్లు వచ్చేవరకు ఎన్నో దేశాల సముద్ర శాస్త్రవేత్తలు 'సరుహాషి పట్టిక'నే ఆశ్రయించారు. 1957లో టోక్యో విశ్వవిద్యాలయం నుంచి రసాయన శాస్త్రంలో డాక్టరేట్ అందుకున్న తొలి మహిళగా ఆమె చరిత్రకెక్కారు.

అణుధూళి పరిశోధన అంతకన్నా క్లిష్టమైనది. సీసియం-137 పరిమాణం సగానికి తగ్గడానికే సుమారు 30 ఏళ్లు పడుతుంది. ఉప్పునీటిలో అది అత్యల్పంగా ఉంటుంది. పైగా రసాయన స్వభావంలో సోడియం, పొటాషియంలను పోలి ఉండడం వల్ల దాన్ని వేరుచేయడం మరింత కష్టం. సరుహాషి బృందం జపాన్ సమీప జలాల్లో కనుగొన్న పరిమాణాలు, అమెరికా పశ్చిమ తీరంలో అక్కడి శాస్త్రవేత్తలు నమోదు చేసిన వాటికన్నా ఎంతో అధికంగా ఉన్నాయి. అంత విశాలమైన సముద్రంలో కలిసినది పలచబడిపోతుందని నమ్మిన వారు జపాన్ కొలతలనే శంకించారు.

ఆ సందేహాన్ని తీర్చేందుకు 1962లో సరుహాషి ఒంటరిగా అమెరికా ప్రయాణమయ్యారు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థలో థియోడర్ ఫోల్సమ్ పద్ధతినీ, తమ పద్ధతినీ ఒకే రకం నమూనాలపై పోల్చి చూశారు. మాసాల తరబడి సాగిన ఆ పరీక్షలో రెండు పద్ధతుల ఫలితాలు దాదాపు ఏకీభవించాయి. జపాన్ కొలతల్లో దోషం లేదని తేలింది. వ్యత్యాసానికి మూలం సముద్రంలోనే ఉంది. బికినీ నుంచి కదిలిన కలుషిత జలాన్ని ప్రవాహాలు ముందుగా జపాన్ వైపు మోసుకువచ్చాయి. సముద్రం అన్నిటినీ సమంగా కలిపేసుకుంటుందన్న నమ్మకం నిలవలేదు.

అణుపరీక్షలపై అప్పటికే ప్రపంచవ్యాప్తంగా ఆందోళన పెరుగుతోంది. బికినీ ఘటన తరువాత, 1954 ఏప్రిల్‌లోనే భారత ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పరీక్షల నిలిపివేతకు పిలుపునిచ్చారు. 1963 ఆగస్టులో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ పాక్షిక నిషేధ ఒప్పందంపై సంతకాలు చేశాయి. భారత్ కూడా అదే నెలలో సంతకం చేసింది. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలకు స్వస్తి పలికిన ఆ ఒప్పందానికి అణుధూళి గురించిన శాస్త్రీయ సాక్ష్యం బలాన్నిచ్చింది. అందులో సరుహాషి కొలతలకూ వాటా ఉంది.

తాను నడిచిన దారిలో ఇతర మహిళలూ నడవాలన్నది ఆమె జీవితకాల ఆకాంక్ష. 1958లో జపాన్ మహిళా శాస్త్రవేత్తల సంఘం స్థాపనలో పాలుపంచుకున్నారు. 1980లో జపాన్ విజ్ఞాన మండలికి ఎన్నికైన తొలి మహిళ అయ్యారు. 50 ఏళ్ల లోపు మహిళా శాస్త్రవేత్తలకు ఏటా ఇచ్చే సరుహాషి బహుమతి 1981లో మొదలైంది.

2007 సెప్టెంబరు 29న, 87 ఏళ్ల వయసులో ఆమె టోక్యోలో తుదిశ్వాస విడిచారు. కంటికి కనిపించని కాలుష్యాన్ని పాలకులు కాదనలేని అంకెగా మార్చి చూపడమే ఆమె సాధించిన విజయం.