జిమ్ కార్బెట్టు దొర చరిత్రము: తుపాకి యెన్నికయు వేటకాని ధర్మమును

వేటయందు అభిరుచి గలవారు ఇద్దరు కలసికొన్నప్పుడు వారి నడుమ తప్పక వచ్చు ప్రశ్న యొకటి కలదు. దుప్పికిని, అడవిపందికిని, ఎలుగుబంటికిని, చిఱుతకును, పెద్దపులికిని సరిపోవు ఒకే తుపాకి యేది? దాని గొట్టపు కొలత, అనగా కాలిబరు, ఎంత యుండవలెను? మన చదువరులలో కొందఱి యిండ్లలో తాతలనాటి తుపాకులును, గోడలపై కొమ్ములును, వానితోపాటు ఈ చర్చయు నిలిచియుండును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991లో దానికి జరిగిన సవరణయు మన దేశమున వినోదపు వేటను మాన్పించినవి. కావున ఈ ప్రశ్నకు కాలము చెల్లినదని కొందఱు తలంపవచ్చును. మేము అట్లు తలంపము. ఆయుధము నెన్నుకొనుటలో మనుష్యుని బుద్ధియు, దయయు, బాధ్యతయు బయటపడును. ఒక్క గుండు తప్పుచోట తగిలినందున నూర్లకొలది ప్రాణములు పోయిన యుదంతము జిమ్ కార్బెట్టు దొర జీవితమున కలదు. ఆ మహనీయుని చరిత్రమును ఈ ప్రశ్న వెంబడి నడచి మన సోదరులకు విన్నవింపగోరుచున్నాము.

కార్బెట్టు 1875వ సంవత్సరము జులై 25వ తేదీన హిమాలయ పాదములందలి నైనీతాలు పట్టణమున జన్మించెను. తండ్రి క్రిస్టఫరు కార్బెట్టు ఆ యూరి తపాలా అధికారి. పిల్లలు చాలమంది గల కుటుంబము. 1881లో తండ్రి గతించెను. తల్లి మేరీ జేను బిడ్డల నందఱిని ఓర్పుతో పెంచెను. వేసవి నైనీతాలునందును, శీతకాలము కొండ క్రిందనున్న కాలాఢుంగీ గ్రామమునందును వారు గడపుచుండిరి. కాలాఢుంగీ చుట్టు ఉన్న యడవియే బాలునకు నిజమైన బడి. పక్షి కూతనుబట్టి పులి జాడ తెలిసికొనుట, ఇసుకపై అడుగునుబట్టి మృగము వయస్సును, వేగమును గ్రహించుట అతడు అచ్చటనే నేర్చెను.

ఆయుధముల విషయమున అతని చదువు క్రమముగా సాగినది. మొదట రబ్బరు పట్టీల పంగలకఱ్ఱ, పిదప ఉండేలు, ఆ పిదప విల్లమ్ములు. అటుపిమ్మట ఒక బంధువు దయచేసిన, మూతినుండి మందు కూరెడు జంటగొట్టముల తుపాకి వచ్చినది. దాని గొట్టములలో నొకటి పగిలిపోయి యుండెను. మిగిలినదానితోనే బాలుడు అడవి తిరిగెను. ఒకసారి గుండు పేలిన తరువాత మరల కూరుటకు చాల సేపు పట్టును గనుక, పేల్చుటకు ముందే బాగుగా చూచి, దగ్గఱకు చేరి, నిశ్చయించుకొనవలసి వచ్చెను. తరువాత విద్యార్థి వాలంటీరు దళమునకు చెందిన .450 మార్టినీ రైఫిలు అతని చేతికి వచ్చినది. దానితోనే తన మొదటి చిఱుతను కొట్టెను. పేదఱికపు తుపాకి నేర్పిన మితము, ఓర్పు అతనిని జీవితాంతము విడువలేదు.

ఇరువదియేండ్లైన నిండకమునుపే కార్బెట్టు రైలు కంపెనీ కొలువున చేరి, పిదప గంగాతీరమందలి మొకామాఘాటునందు సరకుల దించి యెక్కించు గుత్త పనిని సుమారు రెండు దశాబ్దములు నిర్వహించెను. ఆ కాలముననే, 1907లో, కుమావూను ప్రాంతమును గడగడలాడించుచున్న చంపావతు ఆడుపులిని కొట్టుటకు అధికారులు అతనిని పిలిచిరి. ఆ పులి నేపాళమున 200 మందిని, కుమావూనున 236 మందిని, మొత్తము 436 మందిని చంపినట్లు లెక్క. ప్రభుత్వము ప్రకటించిన బహుమానమును రద్దు చేయవలెననియు, ఇతర వేటగాండ్రను వెనుకకు పిలువవలెననియు అతడు రెండు షరతులు పెట్టెను. డబ్బుకొఱకు చంపువాడనిపించుకొనుట అతని కిష్టము లేదు.

ఆ వేటలో అతని చేతనున్నది .500 కార్డైటు జంటగొట్టముల రైఫిలు, బలమైన ఆయుధము. చంపావతు తహసీల్దారు సుమారు 300 మంది గ్రామస్థులను కూర్చి కొండ చఱియనుండి అదలింపు చేయించెను. కార్బెట్టు వెంట తెచ్చుకొన్నవి మూడే తూటాలు. ఒకటి తప్పిపోయెను; రెండు తగిలెను. పులి కూలలేదు; గాయపడి, పండ్లిగిలించి యెదుట నిలిచెను. అతడు పరుగున పోయి తహసీల్దారు చేతి తుపాకిని గైకొని, కొన్ని అడుగుల దూరమునుండి పేల్చి ఆ కథ ముగించెను. ఆ తుపాకి గొట్టములకును వెనుక కట్టునకును నడుమ సందు కనబడుచుండెనట. దాని గుండు గుఱి తప్పి ముందుకాలికి తగిలెను. బలమైన రైఫిలు చేయలేని పనిని అఱిగిపోయిన తుపాకి ముగించిన దనుట సరి కాదు. ముందు తగిలిన గుండ్లచే పులి యప్పటికే ప్రాణావసానమున నుండెను. మనము గ్రహింపవలసిన దేమనగా, గొట్టము పెద్దదైనంత మాత్రమున పని నిశ్చయముగా జరుగదు.

ఆ పులి నోరు తెఱచి చూడగా నసలు సంగతి తెలిసెను. కుడివైపు కోఱపండ్లు రెండును విఱిగియుండెను. పైది సగమునకు, క్రిందిది మొదలంట పోయినది. అది పాత తుపాకి గాయము. ఎవడో యొకడు ఎప్పుడో పేల్చి, సరిగా తగులక, గాయపడిన మృగమును వెదకి చంపక విడిచిపోయెను. పండ్లు పోయిన పులి తనకు సహజమైన యాహారమును పట్టజాలక మనుష్యులపై పడెను. ఆ పేల్చినవాని పేరు చరిత్రకు తెలియదు. అతని నిర్లక్ష్యమునకు మూల్యము చెల్లించినవారు 436 మంది. పులులు నరభక్షకములగుటకు గాయములును వార్ధకమునే ముఖ్య కారణములని కార్బెట్టు తన గ్రంథమున వ్రాసియున్నాడు. తుపాకి కొలతనుగూర్చిన చర్చ ఇచ్చట వినోదపు హద్దు దాటి ధర్మ విచారమగుచున్నది.

కొన్ని మాసములకు నైనీతాలు దర్బారునందు సంయుక్త పరగణాల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూవెట్టు తహసీల్దారునకు ఒక తుపాకిని బహూకరించెను. ఆ పులిని చంపినందులకు జ్ఞాపకముగా కార్బెట్టునకు ఆయన యొసగిన బహుమానము రిగ్బీ కంపెనీవారి .275 రైఫిలు. దీని తూటా జర్మను శిల్పి పాల్ మౌజరు 1892లో కల్పించిన 7×57 మిల్లీమీటర్లదే. ఆంగ్లేయ వ్యాపారులు అంగుళపు లెక్కలోనికి మార్చి పేరు పెట్టిరి. 7 మిల్లీమీటర్లనగా అంగుళములో వేయింట 275 వంతులకు ఇంచుక ఎక్కువ. రిగ్బీవారి గుండు బరువు 140 గ్రెయిన్లు, అనగా సుమారు 9 గ్రాములు. అది సెకండునకు 2,700 అడుగులకు తక్కువ గాని వేగముతో పోవును. అందువలన దాని దారి చదునుగా నుండును. దూరమందున్న కొండమేకపై గుఱిపెట్టుటకు తగును. భుజముపై వెనుక తన్ను స్వల్పము. బరువు ఏడెనిమిది పౌండ్లు. దినమంతయు కొండలెక్కి దిగువానికి ఇది చిన్న లాభము కాదు.

ఈ తేలిక రైఫిలే కార్బెట్టు చేతిలో ప్రసిద్ధి కెక్కినది. రుద్రప్రయాగ చిఱుత 1918 మొదలు 1926 వఱకు బదరీ కేదార యాత్రాపథమున 125 మందిని చంపినట్లు సర్కారు లెక్క. ఎన్నో వారములు వెంటాడి, ఎన్నో రాత్రులు మంచెలపై మేలుకొని, కడకు 1926 మే నెల ఆరంభమున గులాబ్రాయి వద్ద మామిడిచెట్టుపై కూర్చుండి, రైఫిలునకు కట్టిన బాటరీ దీపము క్షణము వెలిగి ఆఱునంతలో ఒక్క గుండు పేల్చెను. తెల్లవారి చూడగా చిఱుత చచ్చి పడియుండెను. మఱి 1930 ఏప్రిలు 11వ తేదీన చౌగఢు ఆడుపులి యెదురైనప్పుడు అతని యెడమచేతిలో ఒక పక్షి గ్రుడ్లుండెను. పులి కొన్ని అడుగుల దూరమున కూర్చుండి అతనిని చూచుచుండెను. గ్రుడ్లు విడువక, త్వరపడక, కుడిచేతితోనే రైఫిలును మెల్లగా త్రిప్పి పేల్చెను. చేతిలో తేలిక రైఫిలు ఉన్నందుననే ఆ పని సాధ్యమైనదని అతడే తెలిపియున్నాడు. ఆ పులి వాత పడినవారు 64 మంది.

అట్లైన .275 రైఫిలొకటే అన్నిటికిని చాలునా? ఆఫ్రికా ఖండమున వాల్టరు బెల్లు అను స్కాట్లండు వేటకాడు వేయికి పైబడిన యేనుగులను కొట్టి, వానిలో పెక్కింటిని ఈ 7 మిల్లీమీటర్ల తూటాతోనే కూల్చెను. అయితే అతడు వాడినది 173 గ్రెయిన్ల గట్టి కవచపు గుండు. ఏనుగు తలను కోసి మెదడున్న చోటును పరిశీలించి తెలిసికొన్నవాడు. ఆ జ్ఞానము లేనివాడు అతనిని అనుకరించిన ప్రాణాపాయమే. కావుననే ఆఫ్రికాలోని పలు దేశములు క్రూరమృగములకు .375 కన్న తక్కువ కొలత పనికిరాదని నియమించినవి. 1912లో వెలువడిన .375 హాలండు మాగ్నము 300 గ్రెయిన్ల గుండుతో చిన్న జింక మొదలు ఏనుగు వఱకు పనిచేయును గనుక, ఒకే రైఫిలు గలవానికి అదే తగినదని చాలమంది నేర్పరుల మతము.

కార్బెట్టు మాత్రము రెండు ఆయుధముల నుంచుకొనెను. దూరమున, తెఱపి నేలపై .275, దట్టమైన పొదలలో, పులి ఏ క్షణమున మీదపడునో తెలియనిచోట జెఫ్రీవారి.450/400 జంటగొట్టముల రైఫిలు. ఈ పేరు కొందఱిని తికమక పెట్టును. .450 కొలత గల తూటా గొట్టమును మెడవద్ద నొక్కి, సుమారు .400 గుండునకు సరిపఱచినందున ఆ జంట పేరు వచ్చినది. దాని గుండు 400 గ్రెయిన్లు, సుమారు 26 గ్రాములు. తిరుగుబాటుదారుల చేతికి తూటాలు చిక్కునను భయముతో హిందూదేశ ప్రభుత్వము ఇరువదవ శతాబ్ది ఆరంభమున .450 కొలత తుపాకుల దిగుమతిని మాన్పించినప్పుడు, గుండు కొలత వేఱగుటచే ఈ .450/400 నిలిచి, ఈ దేశపు వేటగాండ్ర యాదరమును పొందినది. రెండు గొట్టములు గనుక రెండవ దెబ్బకు కడ్డీ లాగవలసిన పని లేదు. కాని బరువు సుమారు పది పౌండ్లు. దూరపు గుఱికి దాని గుండు చదునుగా పోదు. ఒకదానికున్న గుణము రెండవదానికి లోపము.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన దిది. అన్ని మృగములకు సరిపోవు కొలత యేదని యడుగువాడు మొదట తన్ను తాను మూడు విషయము లడుగుకొనవలెను. ఈ తుపాకిని దినమంతయు మోసి, అలసిన చేతులతో గూడ దీనితో గుఱి తప్పక కొట్టగలనా? ఈ గుండు ఈ మృగపు గుండెకాయ వఱకు పోవునా? గాయపడిన దానిని రాత్రియైనను, రక్తపు జాడవెంట పోయి ముగింపగల నిశ్చయము నాకు గలదా? మూడింటికిని అవునని చెప్పజాలనప్పుడు గుండు పేల్చకుండుటయే వేటకాని ధర్మము. మొదటి రెండు ప్రశ్నలకు తుపాకి యంగడిలో ఉత్తరము దొరకవచ్చును, మూడవదానికి దొరకదు.

కార్బెట్టు జీవితపు ఉత్తరార్ధము ఈ భావమునకు ఫలము వంటిది. అతడు క్రమముగా రైఫిలును తగ్గించి చలనచిత్రపు కెమెరాను చేపట్టెను. 1936లో రామగంగా తీరమున హేలీ జాతీయవనము ఏర్పడుటకు తోడ్పడెను. 1915లో కొనిన ఛోటీ హల్ద్వానీ గ్రామమున రైతులకు భూములిచ్చి, అడవిమృగములనుండి పైరు కాచుటకు గోడ కట్టించెను. నరభక్షకముల వేటలో అతని తుది విజయము 1938 నవంబరు నాటిది. 1944లో వెలువడిన కుమావూను నరభక్షకముల గ్రంథము అతని పేరును లోకమంతట వ్యాపింపజేసెను. 1947 నవంబరులో సోదరి మ్యాగీతో కెన్యాకు తరలిపోయి, 1955 ఏప్రిలు 19వ తేదీన అచ్చట న్యేరీ పట్టణమున కాలధర్మము నొందెను. పిమ్మట ఆ వనమునకు అతని పేరే పెట్టిరి. 1973 ఏప్రిలు 1వ తేదీన పులుల రక్షణ పథకము ఆ వనముననే ప్రారంభమైనది. చంపావతు పులికి గుర్తుగా దొరకిన ఆ .275 రైఫిలును 2015లో రిగ్బీ కంపెనీ మరల సంపాదించెను; 2016లో దానిని కుమావూనునకు తెచ్చి చూపిరి.

మన పెద్దలు ఆయుధపూజ నాడు కత్తికిని తుపాకికిని కుంకుమ పెట్టుట దాని బలమును మెచ్చుటకు మాత్రమే కాదు. దానిని పట్టిన చేయి తప్పు చేయకుండునట్లు ప్రార్థించుటకును. అధికారమో, ధనమో, వాక్కో, ఏదో యొక ఆయుధము మనలో ప్రతివాని చేతను గలదు. కార్బెట్టు చరిత్రము చదివిన మన యువకులు తమ ఆయుధపు కొలతకన్న తమ గుఱిని, గుఱికన్న తాము పెట్టిన గాయమునకు తామే బాధ్యులమను నిశ్చయమును పెంచుకొందురుగాక యని కోరుచు విరమించుచున్నాము.