అలలను లెక్కగట్టిన మనిషి మీద అనుమానం

నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో చేరారు. సైన్యం నుంచి రిటైరయ్యాక నేనూ ఈ ఊరికే తిరిగొచ్చాను. ఊళ్లో సముద్రం లేదు గానీ, 1951లో పాత హిజ్లీ నిర్బంధ శిబిరంలో మొదలైన ఐఐటీలో సముద్ర ఇంజినీరింగ్ చెబుతారు. అక్కడి విద్యార్థులు రోజూ వాడే అల ఎత్తు కొలత ఒకటి రెండో ప్రపంచయుద్ధంలో పుట్టింది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో పెద్దవాడు హెరాల్డ్ స్వెర్‌డ్రుప్. రక్షణ రంగంలో ఉన్నవారు తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

ఆయన 1888లో నార్వేలో పుట్టారు. 1918 నుంచి 1925 వరకు అముండ్‌సెన్ చేపట్టిన మాడ్ నౌకాయాత్రలో శాస్త్రీయ పరిశోధనకు నాయకత్వం వహించి, ఆర్కిటిక్ మంచులో ఏళ్లు గడిపారు. 1936లో అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు.

1942లో మిత్రసేనలు ఉత్తరాఫ్రికా తీరంలో దిగడానికి సిద్ధమవుతున్నాయి. శిక్షణలో ఒక మోస్తరు అలలకే పడవలు అడ్డం తిరిగి బోల్తా పడుతున్నాయి. మొరాకో తీరంలో చలికాలపు అలలు అంతకంటే పెద్దవి. దీన్ని గమనించిన యువ శాస్త్రవేత్త వాల్టర్ మంక్ తన గురువు స్వెర్‌డ్రుప్‌ను ఆశ్రయించాడు.

ఇద్దరూ కలిసి తయారుచేసిన పద్ధతికి మూడు విషయాలు ఆధారం: గాలి వేగం, అది వీచిన సమయం, నీటి మీద అది సాగిన దూరం. వీటి నుంచి అలల ఎత్తును, అల వెంట అల వచ్చే వ్యవధిని లెక్కగట్టారు. అన్ని అలలూ ఒకేలా ఉండవు కాబట్టి, వాటిలో ఎత్తైన మూడో వంతు అలల సగటును ప్రమాణంగా తీసుకున్నారు. పడవ నడిపేవాడు కంటితో చూసి చెప్పే ఎత్తుకు అది దగ్గరగా ఉంటుంది. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ అల నెమ్మదించి, నిటారుగా లేచి, లోతు దాని ఎత్తుకు సుమారు 1.3 రెట్లు ఉన్నచోట విరుగుతుంది. సైనికుడి ప్రాణానికి ముప్పు అక్కడే. 1944 జూన్ నార్మండీ దాడికి అలల అంచనాలు వేయడంలో ఈ పద్ధతే తోడ్పడింది.

అదే యుద్ధకాలంలో అమెరికా భద్రతా విభాగాలు స్వెర్‌డ్రుప్‌ను శంకించాయి. జలాంతర్గాముల పరిశోధనలో రహస్య పనికి అనుమతి నిరాకరించాయి. నాజీల ఆక్రమణలో ఉన్న నార్వేలో ఆయన బంధువులు ఉండటం ఒక కారణం, కొందరు సహోద్యోగులు చెప్పిన చాడీలు మరో కారణం. నిజానికి ఆయన తమ్ముడు ఐనార్ 1942 మేలో స్పిట్స్‌బెర్గెన్‌లో జర్మన్ విమానదాడిలో మరణించాడు. ఇంకో తమ్ముడు లీఫ్ అమెరికా సైన్యంలో ఇంజినీరు అధికారిగా పసిఫిక్ దీవుల్లో వైమానిక స్థావరాలు కట్టించి, మేజర్ జనరల్ అయ్యాడు.

ఇది చదివినప్పుడల్లా నాకో ఫైలు గుర్తొస్తుంది. దగ్గరి బంధువు విదేశంలో ఉన్నాడన్న ఒకే కారణంతో ఒక సమర్థుడైన సాంకేతిక నిపుణుడి ఫైలును నేను నెలల తరబడి నా బల్ల మీదే ఉంచేశాను. విచారణలో ఏమీ తేలలేదు. అప్పటికి అతను వేరే ఉద్యోగం చూసుకున్నాడు. తనిఖీ తప్పనిసరే. బంధువుల మీద ఒత్తిడి తెచ్చి మనిషిని లొంగదీసుకునే శత్రువులు ఉంటారు. కానీ అనుమానాన్ని నిగ్గు తేల్చకుండా అలాగే వదిలేయడం భద్రత కాదు, బాధ్యత నుంచి తప్పుకోవడం.

స్వెర్‌డ్రుప్ 1948లో స్వదేశానికి వెళ్లి నార్వే ధ్రువ పరిశోధన సంస్థను నడిపారు. 1957లో ఓస్లోలో కన్నుమూశారు. స్క్రిప్స్‌లో పనిచేసిన యూజీన్ లాఫాండ్ 1952లో వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మన నౌకాదళ నౌకల సాయంతో బంగాళాఖాతం పరిశోధనకు ఊపునిచ్చారు. నేడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ మత్స్యకారులకు అలల హెచ్చరిక ఇచ్చేటప్పుడు వాడేది ఆ మూడో వంతు సగటునే. నమ్మకానికి తగడని పక్కన పెట్టిన మనిషి లెక్కను నమ్ముకునే మన పడవలు సముద్రంలోకి వెళుతున్నాయి.