కొండపల్లి శేషగిరిరావు

ఓరుగల్లు సీమ రాతికి ప్రాణము పోసిన సీమ. కాకతీయుల కాలమున, 1213లో వెలసిన రామప్ప గుడియందలి నర్తకీమూర్తులే యందుకు సాక్ష్యము. ఆ సీమలోనే, నాటి వరంగల్లు జిల్లాకు చెందిన పెనుగొండ గ్రామమున 1924లో కొండపల్లి శేషగిరిరావు జన్మించెను. ఆ గ్రామము నేడు మహబూబాబాదు జిల్లాలోనిది.

బాల్యముననే ఆయనకు లేమి పరిచితమయ్యెను. బొమ్మలు గీయుటయన్న మిక్కిలి మక్కువ. కాని ఆ విద్య కూడు పెట్టునా యని సందేహింపనివారు ఆ కాలమున అరుదు. హనుమకొండలో చదువుచుండగా చిత్రలేఖనోపాధ్యాయుడు ఆయన చేతిలోని నేర్పును గుర్తించెను. పిమ్మట మెహదీ నవాజ్ జంగ్ చేయూతతో హైదరాబాదులోని చిత్రకళాశాలలో చేరెను. అటుపై శాంతినికేతనమునకేగి నందలాల్ బోసు శిష్యుడయ్యెను.

నందలాలు శిష్యులను నాలుగు గోడల నడుమ బంధించు గురువు కాడు. చెట్టును, పశువును, పొలమున పనిచేయువారిని కన్నులార చూచి గీయుమనువాడు. కుంచెతో వేసిన సిరాగీత చెరిపిన చెరగదు. కావున గీయుటకు ముందే చూచుట నేర్వవలెను. అట్టి చిత్రమున రంగులుండవు. దూరపు కొండ ఒక గీత. దాని క్రింద నడచు మనుజుని వంగిన వీపు మరియొక గీత. లావైన గీత బరువును, పలుచని గీత దూరమును తెలుపును. గీయక విడిచిన తెల్లకాగితమే ఆకాశమగును, నీరగును. మనుజుని ముఖము కానరాకున్నను అతని అలసట మనకు తెలియును.

ఈ చూపును అలవరచుకొని శేషగిరిరావు హైదరాబాదునకు మరలి వచ్చెను. జనులు వట్టి బండలని దాటిపోవు తెలంగాణపు రాళ్లలో ఆయనకు రూపములు గోచరించెను. వానిని పలుమారులు చిత్రించెను. పురాణకథలకును రూపము కల్పించెను. రామప్ప శిల్పులు ఉలితో రాతికి చేసిన దానిని ఆయన కుంచెతో కాగితముపై చేసెను.

హైదరాబాదు లలితకళాశాలలో ఆయన చిరకాలము అధ్యాపకుడుగా నుండెను. తనకు చేయూతనిచ్చినవారు లేకున్న ఆ కుంచె మూలబడియుండెడిది. తాను పొందిన విద్యను ఎందరో శిష్యులకు పంచి ఆయన ఆ ఋణమును తీర్చుకొనెను. 2012లో, 88 ఏండ్ల ప్రాయమున, కన్నుమూసెను.

రాయిని చూచి రాయియని దాటిపోవక, ఒక్క క్షణము నిలిచి చూచుటయే ఆయన జీవితము నేర్పు పాఠము.