ఆర్థరు హాలీ కాంప్టను

అమెరికా దేశమున ఒహాయో రాష్ట్రమందలి వూస్టరు పట్టణమున 1892 సెప్టెంబరు 10 వ తేదీన ఆర్థరు హాలీ కాంప్టను జన్మించెను. ఆయన తండ్రి ఎలియాసు ప్రెస్బిటీరియను బోధకుడు. అచ్చటి కళాశాలలో తత్త్వశాస్త్రోపాధ్యాయుడు. కుమారుడు తానును బోధకుడు కావలయునా యని సంశయింపగా, శాస్త్రపరిశోధనమును దేవుని సేవయే కాగలదని తండ్రి నచ్చజెప్పెను.

కాంతి అలలవంటిదని నాటి శాస్త్రజ్ఞులలో పెక్కుమంది తలచుచుండిరి. కాంప్టను ఎక్సు కిరణములను గ్రాఫైటుపై బడజేసి, చెదరిన కిరణములను శ్రద్ధతో కొలిచెను. గోలీ గోలీని దాకినట్లు కాంతికణము ఎలక్ట్రానును దాకి, తన శక్తిలో కొంత దాని కిచ్చుచున్నదని 1923 లో వెల్లడించెను. ఇందులకు 1927 లో సి. టి. ఆర్. విల్సనుతోపాటు నోబెలు బహుమానము నందెను.

మేము భౌతికశాస్త్రజ్ఞులము కాము. అయినను ఇందొక సంగతి మమ్ము మిక్కిలి యాశ్చర్యపరచుచున్నది. గోలీలాటలో నేర్పరియైన బాలుడు దెబ్బతిన్న గోలీ యెటు పోవునో ముందే చెప్పగలడు. కాంతికణ మెటు చెదరునో యెంతటి పండితుడును చెప్పజాలడు. లక్షలకొలది కణములలో నే కోణమున నెన్ని పోవునో లెక్క తేలును. ఒక్క కణము సంగతి మాత్రము తేలదు. 1927 లో హైజెన్‌బర్గు తెలిపిన అనిశ్చితత్వ నియమము ఈ విషయమును మరింత దృఢపరచెను.

లోకమంతయు గడియారమువలె ముందే నిర్ణయింపబడి నడచుచో, మంచిచెడ్డలకు మనుజుడెట్లు బాధ్యుడగును? ఈ ప్రశ్న కాంప్టనును విడువలేదు. మానవుని స్వాతంత్ర్యమునుగూర్చి 1935 లో నొక గ్రంథమును ప్రకటించి, భౌతికశాస్త్రము ఆ స్వాతంత్ర్యమునకు అడ్డురాదని వాదించెను. అయితే చీట్లు వేసినట్లు జరుగునది స్వాతంత్ర్యము కాదు. పరమాణువులోని యాదృచ్ఛికత తలుపు తీసినను, ఏ త్రోవ నడువవలెనో యెంచుకొనవలసినవాడు మనుజుడే.

ఆయన సోదరి మేరీ యొక మిషనరీని వివాహమాడి హిందూదేశమున నివసించెను. ఆయనయు 1926-27 లో లాహోరునందలి పంజాబు విశ్వవిద్యాలయమున నుపన్యసించెను.

పిమ్మట కఠినమైన పరీక్ష వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున కాంప్టను చికాగోలోని పరమాణు పరిశోధనకు అధిపతి. అచ్చటనే 1942 డిసెంబరు 2 వ తేదీన ఫెర్మి నాయకత్వమున యురేనియము పరమాణువులు ఒకదానివెంట నొకటి పగులునట్లు చేయబడెను. 1945 లో బాంబు ప్రయోగమునుగూర్చి ప్రభుత్వమునకు సలహా చెప్పిన నలుగురు శాస్త్రజ్ఞులలో నాయన యొకడు. ఆయన ప్రయోగశాలలోనివారే పలువురు దాని నాక్షేపించిరి. యుద్ధము త్వరగా ముగియుటకు వేరుమార్గము లేదని ఆ నలుగురును తలచిరి. ఆగస్టు 6 వ తేదీన హిరోషిమా దగ్ధమయ్యెను. ఆ భారమును ఆయన విధిపై మోపలేదు. అందు తన పాలును దాచలేదు. 1962 మార్చి 15 వ తేదీన బర్క్లీలో మరణించెను.

విద్యార్థులారా! ఆ నిర్ణయము న్యాయమా కాదా యని లోకము నేటికిని వాదించుచున్నది. మీరును ఆలోచింపుడు. కాంతికణమునకు తానేల అటు చెదరితినని జవాబు చెప్పు పనిలేదు. మనకు మాత్ర మా పని తప్పదు.