వేటగాడు నేర్చిన సంయమనం

కోరిక కలగటం మానవ సహజం. ఆ కోరికకు హద్దు గీసుకోవటం సంస్కారం. వేటపట్ల అమితమైన మక్కువ కలిగి ఉండి కూడా, వేటకు నియమం ఉండాలని తన దేశానికి బోధించిన నాయకుడు థియోడర్ రూజ్వెల్ట్. ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రాలకు 26వ అధ్యక్షులు.

రూజ్వెల్ట్ 1858 అక్టోబరు 27న న్యూయార్క్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించారు. బాల్యంలో ఉబ్బసవ్యాధి ఆయనను తీవ్రంగా బాధించింది. అయినా పక్షులను, జంతువులను శ్రద్ధగా పరిశీలిస్తూ, వాటి కళేబరాలను భద్రపరిచే విద్యను నేర్చుకున్నారు. పట్టుదలతో వ్యాయామం చేసి దేహాన్ని దృఢపరచుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, 23 ఏళ్ళ వయసులోనే న్యూయార్క్ శాసనసభకు ఎన్నికయ్యారు.

1883 సెప్టెంబరులో ఆయన అడవిదున్నను వేటాడాలనే కోరికతో సుదూరాన ఉన్న డకోటా ప్రాంతానికి వెళ్ళారు. ఆ నేలకు ఆయన పరాయివారు. అయినా ఒక జంతువును చంపటానికి వంతు కోసం వేచి ఉండవలసిన అవసరం ఆనాడు లేదు. తుపాకీ, గుర్రం, దారి చూపే మనిషి ఉంటే చాలు. అయితే ఒకప్పుడు కోట్ల సంఖ్యలో అడవిదున్నలు సంచరించిన ఆ మైదానాలలో ఒక్కదాని జాడ కనుగొనటానికి ఆయన వర్షంలో తడుస్తూ ఎన్నో రోజులు తిరగవలసి వచ్చింది. చివరకు కోరిక తీరింది. కాని చర్మాల వ్యాపారం కోసం సాగిన విచ్చలవిడి వేట ఆ జాతిని అంతరించే స్థితికి తెచ్చిందని ఆయన గ్రహించారు.

1884 ఫిబ్రవరి 14న ఆయన తల్లి, భార్య ఒకే ఇంట్లో, ఒకే రోజున మరణించారు. ఆ దుఃఖభారంతో రూజ్వెల్ట్ మళ్ళీ డకోటా చేరి పశువుల పెంపకంలో నిమగ్నులయ్యారు. 1886-87 శీతకాలపు మంచు తుపానులకు ఆయన పశుసంపదలో అధికభాగం నశించింది. ప్రకృతి సంపద తరగనిదన్న భ్రమ కూడా ఆయనలో తొలగిపోయింది. 1887లో జార్జ్ బర్డ్ గ్రిన్నెల్‌తో కలిసి బూన్ అండ్ క్రాకెట్ క్లబ్‌ను స్థాపించారు. వేటలో న్యాయం పాటించాలనీ, జంతుజాతులను కాపాడాలనీ ఆ సంఘం ప్రచారం చేసింది.

1901లో అధ్యక్ష పదవిని చేపట్టిన రూజ్వెల్ట్ ఈ ఆశయాన్ని ప్రభుత్వ విధానంగా మార్చారు. 1903లో పెలికన్ ద్వీపాన్ని పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించారు. 1909లో పదవి విడిచేనాటికి సుమారు 23 కోట్ల ఎకరాల భూమికి రక్షణ కల్పించారు. అయితే వేటను మాత్రం ఆయన మానలేదు. ఆ తరువాత ఆఫ్రికాలో కుమారునితో కలిసి వస్తుప్రదర్శనశాల కోసం సుమారు 500 పెద్ద జంతువులను చంపారు. ఈ వైరుధ్యం ఆయన జీవితంలో చివరివరకూ నిలిచింది. 1919 జనవరి 6న ఆయన మరణించారు.

ఆయన తరం నాటిన ఆలోచన తరువాతి కాలంలో మరింత కట్టుదిట్టమైన రూపం దాల్చింది. అమెరికాలో అడవిజంతువులు భూస్వామి సొత్తు కావు. ప్రజలందరి పక్షాన రాష్ట్రప్రభుత్వం వాటిని సంరక్షిస్తుంది. పశ్చిమ రాష్ట్రాలలో జంతువుల సంఖ్యను అంచనా వేసి, ఏ ప్రాంతంలో ఎన్నింటిని వేటాడవచ్చునో ముందుగానే నిర్ణయిస్తారు. ఒక్కొక్క అనుమతికి ఒక ట్యాగ్ ఉంటుంది. వేటాడిన జంతువుకు ఆ చీటీని తగిలించాలి. కోరేవారు ఎక్కువైనచోట లాటరీ ద్వారా ట్యాగులు కేటాయిస్తారు. కొన్ని రాష్ట్రాలలో ట్యాగ్ దక్కనివారికి ఏటా ఒక పాయింటు చేరుతుంది. పాయింట్లు పెరిగినకొద్దీ అవకాశం మెరుగుపడుతుంది.

ఇతర రాష్ట్రాల వేటగాళ్ళకు ఈ నిరీక్షణ మరింత దీర్ఘమైనది. జాతీయ అరణ్యాల నేల దేశప్రజలందరిదీ కాగా, అందులో తిరిగే జంతువుల వేటపై అధికారం ఆ రాష్ట్రానిది. అందువల్ల పొరుగు రాష్ట్రంవారు ఆ అడవిలో స్వేచ్ఛగా నడవవచ్చును గాని, ట్యాగ్ లేనిదే ఎల్క్ దుప్పిని వేటాడరాదు. వారు చెల్లించవలసిన రుసుము ఎక్కువ, వారికి కేటాయించే వాటా తక్కువ. న్యూ మెక్సికో లాటరీలో 84 శాతం ట్యాగులు స్థానికులకే దక్కుతాయి. మోంటానా విధించిన అధిక రుసుమును 1978లో దేశ సర్వోన్నత న్యాయస్థానం సమర్థించింది. రూజ్వెల్ట్ ఒకనాడు అతిథిగా వచ్చి వేటాడిన నేల నేటి ఉత్తర డకోటా రాష్ట్రంలో ఉంది. అక్కడి ఎల్క్ లాటరీలో బయటివారికి ప్రవేశమే లేదు.

ఇది పరాయివారిపట్ల ద్వేషం కాదు. పంచుకోవలసినవారు అనేకులు, పంచవలసినది స్వల్పం. అటువంటప్పుడు కొందరు ఏళ్ళ తరబడి ఎదురుచూడక తప్పదు. ఆ ఎదురుచూపులోనే మూగజీవాల మనుగడ ఉంది. 1956లో రూజ్వెల్ట్ పేరిట ఏర్పడిన రక్షిత వనానికి అడవిదున్నలను తిరిగి తెచ్చారు. యౌవనంలో ఆయన రోజుల తరబడి వెదకిన ఆ జంతువు నేడు ఆ నేలపై మందలుగా మేస్తున్నది.