నీరిచ్చిన కాటన్ దొర: నేల దక్కని కూలి జనం

ధవళేశ్వరం: గోదావరి డెల్టాలో ఎన్నో ఊళ్ల కాలువ గట్లపై సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలున్నాయి. ఏటా మే 15న, ఆయన జయంతి నాడు, రైతులు వాటికి పూలదండలు వేస్తారు. ఆనకట్ట వల్ల డెల్టా బ్రతుకు ఎలా మారిందో, ఎవరికి ఎంత దక్కిందో ఆయన జీవితం చెబుతుంది.

కాటన్ 1803లో ఇంగ్లండులో జన్మించారు. చిన్న వయసులోనే మద్రాసు సైన్యంలో ఇంజనీరుగా చేరి, 1836లో కావేరి పాయ కొల్లడంపై ఆనకట్టలు కట్టి పేరు పొందారు.

అప్పటికి గోదావరి జిల్లా దుస్థితిలో ఉంది. 1832-33 నాటి నందన కరువులో జనం తిండిలేక మరణించారు. 1839లో ఉప్పెన కోరంగిని ముంచింది. ఏటా నది నిండుగా పారుతున్నా పొలాలకు చుక్క నీరు అందేది కాదు. కంపెనీ వారికి శిస్తు రాబడి పడిపోయింది. ఆ చింతే కాటన్ పథకానికి అనుమతి తెచ్చింది.

1847లో పని మొదలైంది. పక్కనే కొండ ఉండటంతో ధవళేశ్వరం అనువైన చోటయింది. వేలాది కూలీలు రాయి కొట్టి, మట్టి మోసి, ఇసుక అడుగుపైనే కట్టడం లేపారు. వీణం వీరన్న కూలీలను సమకూర్చి కాటన్‌కు కుడిభుజంగా నిలిచారు. 1852 నాటికి నాలుగు భాగాలుగా ఆనకట్ట పూర్తయింది.

కాలువలు పారాక ఏటా వరి పండింది. పడవలపై ధాన్యం రేవులకు చేరింది. కంపెనీకి నీటి తీరువా వచ్చింది. పల్లపు భూమి ఉన్నవారు స్థితిమంతులయ్యారు. నీరు పల్లమెరుగునన్నట్టు, మెరక పొలాలకూ మెట్ట ఊళ్లకూ ఆ కాలువ ఎక్కలేదు. భూమి లేని పాలేరుకు, కూలికి ఊడ్పులు, కోతల పని పెరిగింది. ఉత్తరాది జిల్లాల నుంచి కూడా కూలీలు వలస వచ్చారు. కాని పెరిగిన భూమి విలువ వారి గడప తొక్కలేదు. నీటిని పంచిన ఆనకట్ట భూమిని పంచలేదు. అది ఇంజనీరు చేతిలోని పని కాదు.

కాటన్‌కు 1861లో సర్ బిరుదు లభించింది. రైళ్లకంటె కాలువలే పేదకు మేలని ఆయన చివరివరకు వాదించారు. 1899లో 96 ఏళ్ల వయసులో ఇంగ్లండులో కన్నుమూశారు.

పాత ఆనకట్ట స్థానంలో 1970లలో మొదలైన బ్యారేజికి ఆయన పేరే పెట్టారు. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. విగ్రహాలకు దండలు పడుతున్నాయి. రాళ్లెత్తిన కూలీల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.